అనుదిన శిష్యత్వం – 7వ పాఠం: తీసుకున్నది తిరిగి ఇవ్వడం

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం ఒక్కటే. మీతో సమాధానం లేని ఒకరి దగ్గరికి వెళ్ళి, చేసిన తప్పు చెప్పి, క్షమించమని అడగమన్నాను. మత్తయి 5:23, 24 వచనాలు దానికి ఆధారం. చాలామంది వెళ్ళారు. వెళ్ళివచ్చి మీరు రాసిన ఉత్తరాలు చదివాక, నోటిమాట గురించి ఈసారికి సిద్ధం చేసిన పాఠాన్ని పక్కన పెట్టాను. ఈ సంగతి తేలకుండా ముందుకు పోయి ప్రయోజనం లేదు.

జరిగినవి కొన్ని పేర్లు లేకుండా చెబుతాను. తిరుపతి కొర్లగుంటలో ఉండే ఒక సహోదరి పాత ఇంటి యజమానురాలి దగ్గరికి వెళ్ళింది. ఇల్లు ఖాళీ చేసిన రోజు ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. "అక్కా, ఆరోజు నేను అలా మాట్లాడి ఉండకూడదు, క్షమించండి" అంది. ఆమె అంతా విని, "మాటలకేముందిలే అమ్మా, ఆ రెండు నెలల కరెంటు బిల్లు సంగతేమిటి?" అని అడిగింది. మన సహోదరి దగ్గర జవాబు లేదు. పలమనేరు వైపు నుంచి ఒకరు రాశారు. అన్నను క్షమాపణ అడిగితే "సరేలేరా" అన్నాడట, భోజనం కూడా పెట్టాడట, అయినా మునుపటిలా లేడట. ఉత్తరం చివర ఒక చిన్న వాక్యం ఉంది: నాయన పోయాక అమ్మిన ఎద్దుల జత డబ్బులో అన్న వాటా ఇంకా ఈయన దగ్గరే ఉంది. ఆ సంగతి తమ్ముడికి ఉత్తరం చివర్లో గుర్తొచ్చింది. అన్న దాన్ని ఏనాడూ మరిచిపోలేదు.

మామిడి మండీలో గుమస్తాగా పనిచేసే ఇంకొక సహోదరుడు, తోతాపురి కాయలు తెచ్చే ఒక రైతును కలిశాడు. సూటు, అంటే తరుగు, పేరుతో తూకంలో కోయవలసిన దానికంటే ఎక్కువ కిలోలు ఆ రైతుకు కోస్తూ వచ్చినట్టు ఈయనకు తెలుసు. "అన్నా, తెలిసో తెలియకో ఏమైనా జరిగి ఉంటే క్షమించు" అన్నాడు. రైతు నవ్వి, "నువ్వు ప్రార్థనకు పోయే మనిషివి, దేవుడు చూసుకుంటాడులే" అన్నాడు. దాన్ని క్షమాపణగా తీసుకుని మన సహోదరుడు సంతోషంగా ఇంటికి వచ్చాడు. నేను ఆ మాటను నాలుగుసార్లు చదివాను. అది క్షమాపణ కాదు. ఆ రైతు తన ఫిర్యాదును పై కోర్టుకు పంపాడు.

ఇప్పుడు ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే సగానికి పైగా ఉత్తరాల్లో అదే ఉంది: "నా వల్ల ఏమైనా తప్పు జరిగి ఉంటే మనసులో పెట్టుకోకండి." డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పక్కవారి చేతులు పట్టుకుని ఇదే అంటాం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలైన వారంలో ఇదే అంటాం. ఊరు మారేటప్పుడు, పెళ్ళి పత్రిక ఇచ్చేటప్పుడు, సంఘ సభ్యుల మధ్య ఎన్నికలు అయిపోయాక కూడా ఇదే మాట. దీన్ని పూల బొమ్మ మీద రాసి ఫోనులో ఉన్న వారందరికీ ఒకేసారి పంపేవారు కూడా ఉన్నారు. ఈ వాక్యం చేసే హాని చిన్నది కాదు.

ఎదుటి మనిషి వైపు నుంచి చూడండి. ఆయనకు జరిగింది స్పష్టంగా గుర్తుంది. ఎన్ని కిలోలు, ఏ సంవత్సరం, ఆ డబ్బు రాక ఆ రోజు ఏ అవసరం ఆగిపోయింది, అన్నీ తెలుసు. మీరు వెళ్ళి "ఏమైనా జరిగి ఉంటే" అన్నారు. అంటే జరిగిందో లేదో కూడా మీకు తెలియదన్నమాట. ఇప్పుడు ఆయన ముందు రెండే దారులు. తన నష్టాన్ని తానే వివరంగా చెప్పుకోవాలి. అలా చెబితే క్షమాపణ అడగడానికి వచ్చిన మనిషిని నిలదీసిన కఠినుడని పేరు. లేదా "ఫరవాలేదులే" అని మింగేయాలి. మర్యాద తెలిసినవారు రెండోదే ఎంచుకుంటారు. తప్పు చేసింది మీరు, మింగింది ఆయన, మనసు తేలికపడింది మీకు. పైగా "మనసులో పెట్టుకోకండి" అని ఆయనకే ఒక పని కూడా అప్పగించి వచ్చారు. పుండు కడగకుండా పైన కట్టు కట్టి వచ్చినట్టు.

"జక్కయ్య కూడా 'అన్యాయంగా తీసుకుని ఉంటే' అనే కదా అన్నాడు?" అని ఇద్దరు అడిగారు. మంచి ప్రశ్న. లూకా 19:8 మళ్ళీ తెరవండి. ఆయన మాట అక్కడితో ఆగలేదు, దాని వెంటనే నాలుగంతలు చెల్లిస్తానన్న లెక్క ఉంది. యెరికో పట్టణమంతా వినేలా సుంకపు గుత్తదారుల పెద్ద అలా అన్నాడంటే అర్థం ఏమిటి? ఎవరైనా సరే లెక్క పట్టుకుని నా గడప తొక్కవచ్చు అని. ఆ మాటతో ఆయన తన ఖాతాను అందరి ముందూ తెరిచాడు. మనం అనే "ఉంటే" తెరిచి ఉన్న ఖాతాను మూసేస్తుంది. సమూయేలును కూడా చూడండి, 1 సమూయేలు 12వ అధ్యాయంలో. ముసలితనంలో ఇశ్రాయేలీయులందరి ముందూ నిలబడి, ఎవరి ఎద్దును తీసుకున్నాను, ఎవరి గాడిదను తీసుకున్నాను, ఎవరి చేతి నుంచి లంచం పట్టాను, చెప్పండి, తిరిగి ఇస్తాను అన్నాడు. ఎద్దు, గాడిద, లంచం అని ఒక్కొక్కటి విడిగా అడిగాడు.

కాబట్టి ఈ పాఠం మొదటి నియమం: పోయిన వస్తువు పేరు, పరిమాణం చెప్పకుండా క్షమాపణ అడగవద్దు. "అన్నా, పోయిన కాపులో నీ సరుకు మీద టన్నుకు ఇన్ని కిలోలు ఎక్కువ కోశాను. నీవి ఇన్ని టన్నులు. ఆనాటి ధరకు ఇంత అవుతుంది. ఇదిగో." ఆ గుమస్తా సహోదరుడు చెప్పవలసింది ఇది. సంచీలో డబ్బు పెట్టుకుని వెళ్ళి చెప్పవలసింది. ఆ డబ్బు యజమాని జేబులోకి పోయింది కదా అంటారా? యజమానితో మాట్లాడే బాధ్యత వేరే ఉంది, దాన్ని తప్పించుకోవద్దు. కాని తూకం రాసిన చేయి మీది.

ఇక అసలు పద్ధతి. లేవీయకాండము 6:1-7 చదవండి. అక్కడ చెప్పిన తప్పులు మన వీధిలోవే: దాచమని ఇచ్చింది కాజేయడం, తాకట్టు విషయంలో మోసం, బలవంతంగా లాక్కోవడం, దొరికిన వస్తువు గురించి అబద్ధం చెప్పడం. పరిష్కారం మూడు మెట్లు. తీసుకున్నది పూర్తిగా ఇవ్వాలి. దాని మీద ఐదో వంతు కలపాలి. ఆ తరువాత అపరాధ పరిహారార్థ బలికి పొట్టేలును యాజకుని దగ్గరికి తేవాలి. ఈ వరుసను గమనించండి. సొమ్ము సొంతదారుకు చేరాక పొట్టేలు వస్తుంది. యేసు ప్రభువు మత్తయి 5లో చెప్పిన వరుస కూడా ఇదే. ఆయన ఆ మాట చెప్పింది గలిలయలో, బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య కాలినడకన కొన్ని రోజుల ప్రయాణం. అర్పణ అక్కడే వదిలి ఊరికి వెళ్ళి, సమాధానపడి, మళ్ళీ రమ్మంటున్నాడు. విన్నవారికి ఆ దూరం తెలుసు. మనమేమో రేణిగుంట నుంచి చిత్తూరు దాకా బస్సెక్కడానికి పని ఒత్తిడి అంటాం.

ఐదో వంతు లెక్క: బాకీ 4,000 రూపాయలైతే 800 కలిపి 4,800. ఇది వడ్డీ కాదు, ఎన్నేళ్ళయిందన్న ప్రశ్న ఇందులో లేదు. తనంతట తాను ఒప్పుకుని వచ్చినవాడికి పెట్టిన లెక్క ఇది. దొంగతనం బయటపడినవాడి లెక్క నిర్గమకాండము 22లో ఉంది, అక్కడ రెండంతలు, నాలుగంతలు, ఐదంతలు. జక్కయ్యను ఎవరూ పట్టుకోలేదు, అయినా ఎక్కువ లెక్కనే ఎంచుకున్నాడు. నా అలవాటు చెబుతాను. వెయ్యి రూపాయల లోపు బాకీ అయితే ఐదో వంతు లెక్క వేస్తూ కూర్చోను, రెండంతలు ఇచ్చేస్తాను. గోనెల్లో తిరిగి వచ్చిన డబ్బు పొరపాటున వచ్చిందేమోనని యాకోబు తన కుమారులతో రెండంతల రూకలు పంపాడు (ఆదికాండము 43:12). నాకు అది బాగా నచ్చిన వచనం.

బంగారం విషయంలో మాత్రం ఐదో వంతు చాలదు. వదిన దాచమని ఇచ్చిన రెండు సవర్ల గొలుసు, అంటే 16 గ్రాములు, పదేళ్ళ కిందట అవసరానికి అమ్ముకుని, ఇప్పుడు "ఆనాడు వచ్చింది ఇంతే, పైన కొంత కలిపి ఇస్తాను" అంటే అది తిరిగి ఇవ్వడం కాదు. బంగారం తూకానికి బంగారమే. ఒక్కసారిగా కుదరకపోతే గ్రాము, రెండు గ్రాములుగా కొని ఇవ్వండి. భూమి విషయంలోనూ అంతే. గట్టు జరిపి కలుపుకున్న అడుగు నేలను కొలిచి, రాయి పాతి వెనక్కి ఇవ్వాలి. డబ్బిస్తానని బేరం పెట్టవద్దు.

చిన్న ప్రశ్నలకు చిన్న జవాబులు. టికెట్టు లేకుండా బస్సులో వచ్చినందుకు ఏమి చేయాలి? అదే దూరానికి టికెట్టు కొని ప్రయాణం చేయకుండా ఉండండి. ఆఫీసు పనివేళల్లో సొంత పని చేసుకున్నవారు? అన్ని గంటలు అదనంగా పనిచేయండి, దాన్ని ఎవరికీ చాటవద్దు. పాలలో నీళ్ళు కలిపినవారు? వాడుక ఇళ్ళు మీకు తెలుసు, ఇంటింటికీ వెళ్ళండి.

సొంతదారు చనిపోతే? పిల్లలకు ఇవ్వండి. వారసులు కూడా ఎవరూ లేరని బాగా విచారించి తేల్చుకున్నాకే సంఖ్యాకాండము 5:8 వర్తిస్తుంది, అప్పుడే అది దేవునికి చెందుతుంది. కొందరు విచారణ మానేసి నేరుగా కానుక పెట్టెలో వేస్తున్నారు. శ్రీకాళహస్తిలో ఉన్న మనిషికి ఇవ్వవలసింది తిరుపతి ఆరాధనలో కానుకగా వేస్తే బాకీ తీరదు.

"నోటుకు కాలదోషం పట్టింది, ఇక ఇవ్వనక్కర్లేదని వకీలు చెప్పాడు" అని ఒకరు రాశారు. వకీలు చట్టం సంగతి చెప్పాడు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ప్రామిసరీ నోటు మీద మామూలుగా మూడేళ్ళలోపు దావా వేయాలి. ఆ గడువు దాటితే పోయేది కోర్టుకు వెళ్ళే హక్కు మాత్రమే. మీరు డబ్బు తీసుకున్న సంగతి అలాగే ఉంటుంది. అదే చట్టాల్లో మీకు పనికివచ్చే మాట ఇంకొకటి ఉంది. కాలదోషం పట్టిన అప్పును తీరుస్తానని రాసి సంతకం పెడితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద ఆ మాట చెల్లుతుంది. ఇప్పుడు చేతిలో డబ్బు లేనివారు చేయవలసింది అదే. తెల్లకాగితం మీద మొత్తం, నెల నెలా ఇచ్చేది, తేదీ రాసి, సంతకం పెట్టి అప్పు ఇచ్చినవారి చేతిలో పెట్టండి. అప్పు చేసి తీర్చనివాడు భక్తిహీనుడన్న కీర్తనలు 37:21 చదివి భయపడి కూర్చోవడం కంటే ఇది మేలు.

"బాప్తిస్మానికి ముందు చేసినవి కూడానా? పాతవి గతించాయి కదా" అన్న ప్రశ్నకు ఫిలేమోను పత్రిక చాలు. ఫిలేమోను దాసుడైన ఒనేసిము మారుమనస్సు పొందాడు. పౌలు అతన్ని ప్రియ సహోదరుడని పిలిచాడు. అయినా ఫిలేమోనుకు, అతను నీకు ఏమైనా ఋణమై ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తానని తన చేతి రాతతో రాసి ఇచ్చాడు (18, 19 వచనాలు). పాతవి గతించాయి కనుక ఫిలేమోను అడగకూడదని రాయలేదు.

వడ్డీకి డబ్బు తిప్పే విశ్వాసులకు ఒక మాట. వారం వడ్డీలు, రోజువారీ వసూళ్ళు మన మధ్యనే ఉన్నాయి. నెలకు నూటికి ఐదు, పది తీసుకుని అందులోంచి దశమభాగం తెచ్చేవారు ఉన్నారు. నెహెమ్యా 5వ అధ్యాయం మీకోసం రాసి ఉంది. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు, నూటికి ఒకటి చొప్పున తీసుకున్నది కూడా ఆ దినమే తిరిగి ఇచ్చేయమన్నాడు నెహెమ్యా. నూటికి ఒకటి! మీరు ఎంత తీసుకుంటున్నారో మీ పుస్తకంలో ఉంది. అదే సమయంలో, అలాంటి వడ్డీ కట్టలేక నలిగిపోతున్న కూలి కుటుంబాలు ఈ పాఠం చదివి తామే దొంగలమని కుమిలిపోవద్దు. మీరు సంఘ కాపరితో, నమ్మకమైన పెద్దలతో మీ పరిస్థితి చెప్పుకోండి. ఈ వారం అభ్యాసం మీకు కాదు.

ఇంకొక విషయం నన్ను బాధపెట్టింది. ఒకరు పక్కింటివారికి పాత చీటీ బాకీ తిరిగి ఇస్తూ, డబ్బుతో పాటు కవరులో కరపత్రం కూడా పెట్టారు. వారు వెంకటేశ్వర స్వామి భక్తులు. ఆ సాయంత్రమే కవరు తిరిగి వచ్చింది, డబ్బుతో సహా. "మీరు బాకీ తీరుస్తున్నారో, మాకు బోధిస్తున్నారో తెలియలేదు" అన్నారట. న్యాయమైన మాట. బాకీ తీర్చేచోట మీరు ఋణస్థులు, ఆయన సొంతదారు. ఆ గడపలో బోధకుని స్థానం మీది కాదు. మన జిల్లాల్లో సంఘాలు నిన్నటివి కావు. ఆర్కాటు మిషను వారు చిత్తూరు, పలమనేరు, మదనపల్లెల్లో, హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరుల్లో 19వ శతాబ్దంలోనే పని మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఇరుగుపొరుగు వారు మనల్ని చూస్తూనే ఉన్నారు. వారు మన ప్రసంగాలు వినడానికి గుడిలోకి రాలేదు. మన అంగడికి వచ్చారు, మన చీటీల్లో చేరారు, తాళంచెవి మన చేతికిచ్చి ఊరికి వెళ్ళారు. ఎందుకు ఇస్తున్నారని వారు అడిగితే ఒక్క మాట చెప్పండి: "ఇది మీది, నా దగ్గర ఉండకూడదని ప్రభువు ఆజ్ఞ." అడగకపోతే డబ్బు ఇచ్చి, వందనం చేసి రండి.

తీసుకోనంటే? యాకోబు ఏశావును బలవంతం చేశాడు, ఏశావు పుచ్చుకున్నాడు (ఆదికాండము 33:11). ఒకటికి రెండుసార్లు అడగండి. అప్పటికీ వద్దంటే అది ఆయన మీకు ఇచ్చిన బహుమతి. దాన్ని దానంగా ఇంకెక్కడైనా ఇచ్చి మీ పేరు రాయించుకోవద్దు.

డబ్బు కాని బాకీల గురించి ఈసారి రాయడం లేదు. ఒకరి పేరు చెడగొట్టడం, పెళ్ళి సంబంధం చెడగొట్టడం వంటివి నోటిమాట పాఠంలో వస్తాయి. ఒప్పుకుంటే మూడో మనిషి ప్రాణానికో కాపురానికో ముప్పు వచ్చే విషయాలైతే తొందరపడి వెళ్ళవద్దు, ముందు కాపరితో మాట్లాడండి.

అభ్యాసం. చిత్తూరు బెల్లం మండీలో ఏళ్ళ తరబడి లెక్కలు రాసిన మనిషిని నేను, కనుక నా పద్ధతి పుస్తకమే. పొడవాటి ఖాతా పుస్తకం ఒకటి కొనండి. ఫోనులో వద్దు, ఫోనులో రాసింది వేలితో చెరిగిపోతుంది. నాలుగు నిలువు గళ్ళు గీయండి: ఎవరికి, ఏమిటి, ఎంత, ఏ తేదీలోపు. మీరు సంపాదించడం మొదలుపెట్టిన సంవత్సరం నుంచి రాయండి. ఒక్కో సంవత్సరానికి ఒక్కో సాయంత్రం పెట్టుకోండి. అద్దె ఇళ్ళు, పనిచేసిన చోట్లు, చీటీలు, చేబదుళ్ళు, అన్నదమ్ముల పంపకాలు, అరువు తెచ్చి తిరిగి ఇవ్వని సామాను, ఈ వరుసలో వెళితే గుర్తొస్తాయి. భార్యాభర్తలు కలిసి రాయండి. ఒకరు మరిచింది ఇంకొకరికి తెలుసు, డబ్బు బయటికి పోయేదీ ఇద్దరి చేతుల్లోంచే. మొత్తం కూడితే భయమేస్తుంది. ఆ అంకెను చెరపవద్దు.

వాటిలో ఒక్కటి, పెద్దది కాకపోయినా చిన్నది మాత్రం కాకూడదు, సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే వచ్చే ప్రభువు బల్లలోపు తీర్చండి. మనిషి ఇంటికి స్వయంగా వెళ్ళండి, ఉదయం పూట, వారు పనికి బయలుదేరకముందే. పదిమందిలో ఇవ్వవద్దు. ఫోనులో పంపవద్దు, నోట్లు లెక్కపెట్టి చేతికివ్వండి, అసలు వేరు, ఐదో వంతు వేరు. ఏది ఎందుకో చెప్పండి. రసీదు అడగవద్దు. ఇంటికి వచ్చాక పుస్తకంలో ఆ వరుస మీద ఒక్క గీత గీసి తేదీ వేయండి. కొర్లగుంట సహోదరికి ముందే చెబుతున్నాను, ఆ కరెంటు బిల్లు వరుస పుస్తకంలో మొదటిది కావాలి.

ఆ తీర్చినదాన్ని సంఘంలో సాక్ష్యంగా చెప్పవద్దు. నాకు కూడా ఎవరికి ఎంత ఇచ్చారో రాయవద్దు. వెళ్ళినప్పుడు ఎదురైన చిక్కు మాత్రం రాయండి.

వచ్చే పాఠానికి ముందు సామెతలు 6:1-5 చదివి ఉంచండి. మీరు ఇతరుల కోసం హామీ సంతకాలు పెట్టిన కాగితాలు ఇంట్లో ఎక్కడున్నాయో వెతికి ఒకచోట పెట్టండి. నోటిమాటతో పాటు ఆ సంతకాల సంగతి కూడా చూడవలసి ఉంది.